ఆయాసం: ఉంది

చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ముందు నాలుగు సిమెంటు లారీలు ఆగి ఉన్నాయి. ఇంకెంతసేపు అని విసుక్కుంది పరిమళ, విసుక్కున్న మరుక్షణమే ఇంకాసేపు ఆగితే ఏం పోయింది, అసలు ఇవాళ్టికి ఈ గేటు ఎత్తకపోతేనేం అని కూడా అనుకుంది. రెండూ ఆమే అనుకుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇదే వరస, ఒక మనసు చెప్పులేసుకుని గడప దాటితే ఇంకో మనసు వెనక్కొచ్చి మంచమ్మీద కూర్చుంటోంది. పదకొండింటికి నందిగామలో ఉండాలి. గాంధీ సెంటర్లో ఏజెంటు భవానీప్రసాద్ ఆఫీసుకి ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ల విచారణాధికారి వస్తాడు, పేరు నరేంద్ర, అతను ఇవాళ రాసుకెళ్లేదాన్ని బట్టే మీరాబీ ఆపరేషనుకి కంపెనీ డబ్బు కడుతుందో కట్టదో తేలుతుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో ఉంది, బ్యాగులో కవరుంది, కవర్లో గుండె సర్వే నడిపే డాక్టరు గీతాంజలి మేడం సంతకం పెట్టిన ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం గట్టెక్కిస్తుందని ఈ కారులో ఇద్దరు నమ్ముతున్నారు. స్టీరింగు పట్టుకున్న నాసర్ నమ్ముతున్నాడు, వెనక సీట్లో తన పక్కన కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్న అతని భార్య మీరాబీ నమ్ముతోంది. నమ్మనిది మూడో మనిషి. ఆ ఉత్తరం టైపు చేసింది ఆ మూడో మనిషే.

గేటు లేచింది. కారు కదలగానే గాలి కొట్టింది, పరిమళ జుట్టు సర్దుకుంది, పక్కకి చూడకుండా పక్కకి చూసింది. మీరాబీ రంగు మారిపోయింది. జగ్గయ్యపేటలో ఆ వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టే మనిషి, వేదాద్రిలో పెళ్లి అంటే పెళ్లికూతురి జాకెట్టు ఈమె చేతిదే అయ్యుండాలని కబురు పెట్టేవాళ్లు, ఇప్పుడు నెలరోజులుగా మిషను మీద దుప్పటి కప్పేసి ఉంది. విజయవాడలో యాంజియోగ్రాం తీసి గుండె రక్తనాళాలు మూడు చోట్ల పూడిపోయాయన్నారు, బైపాస్ చెయ్యాలి, రెండు వారాలకు మించి ఆగొద్దన్నారు, అందులో తొమ్మిది రోజులు అప్పుడే అయిపోయాయి. తెల్లకార్డుంటే గవర్నమెంటు పథకంలో అయ్యేది, కానీ నాసర్ ఈ కారు కొనేటప్పుడు బ్యాంకు వాళ్లు అడిగారని ఐటీ రిటర్ను వేశాడు, వేసిన ఆర్నెల్లకి కార్డు ఎగిరిపోయింది. అందుకే పాలసీ తీసుకున్నాడు. పిచ్చోడేం కాదు నాసర్, ఒక్క ఏడాదీ తప్పకుండా ప్రీమియం కట్టాడు. ఆస్పత్రి వాళ్లు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ పట్టుకురమ్మంటే, నిజంగానే అన్నీ పట్టుకెళ్లాడు. మన వాళ్లంతా అంతే, కరెంటు బిల్లు దగ్గర్నుంచి కరోనా టీకా చీటీ దాకా బీరువాలో ఒకే సంచీలో ఉంటాయి, ఏది అడుగుతారో తెలీదు కాబట్టి సంచీ మొత్తం బల్ల మీద బోర్లిస్తారు. ఆ బోర్లించిన దాంట్లో పసుప్పచ్చ కార్డొకటి బయటపడింది. నాలుగేళ్ల నాటి గుండె సర్వే కార్డు. దాని మీద గుండె బొమ్మా, డాక్టరు సంతకమూ ఉన్నాయని, ముఖ్యమైందే అయ్యుంటుందని నాసర్ దాన్ని లామినేషన్ కూడా చేయించాడు. కార్డు మీద బాల్‌పెన్నుతో రాసి ఉంది. ఆయాసం: ఉంది. ఎన్నాళ్లుగా: 22 సం. మెట్లెక్కినప్పుడు: ఉంది.

పాలసీకి రెండేళ్ల నాలుగు నెలలు. జబ్బుకి ఇరవై రెండేళ్లు. ఆస్పత్రి పంపిన కాగితాల్లో కార్డు కాపీ చూసి, దాచిపెట్టి పాలసీ తీసుకున్నారని కంపెనీ ఒక్క లైను ఉత్తరంలో తేల్చేసింది. ఆ బాల్‌పెన్ను ఎవరిదో కంపెనీకి అక్కర్లేదు, నాసర్‌కి తట్టలేదు, మీరాబీకి గుర్తున్నట్టు లేదు. ఆ నీలం సిరా, ఆ వంకర రెండు, దాని పక్కన ఇంకో వంకర రెండు, పరిమళకి తన రాత తెలీదా. అద్దంలో మొహం కన్నా ముందు గుర్తుపడుతుంది.

గౌరవరం దగ్గర కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది, ఘాటు అద్దాల్లోంచి లోపలికొచ్చింది, నాసర్ దగ్గాడు, పరిమళ దగ్గింది, మీరాబీ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు మింగేసింది. ఇదే, ఇదే కొత్త అలవాటు. ఆ రోజు ఇలాంటి మనిషా ఈమె. ఆ రోజు కూడా ఎండే, మధ్యాహ్నం రెండు, పరిమళ మెడలో ఐడీ కార్డు, చేతిలో ప్యాడు, పొద్దుట్నుంచి తిరిగి తిరిగి కాళ్లు పీక్కుపోతున్నాయి. మీరాబీ మిషను ఆపకుండానే కూర్చోమంది, మజ్జిగిచ్చింది, పిల్లాడు గోడ మీద గీస్తుంటే దారపుండ విసిరింది, అది వెళ్లి మజ్జిగ గ్లాసులో పడింది. అదిగో ఆ గొడవలో ప్రశ్న వచ్చింది, ఆయాసం ఉంటుందా అని. మీరాబీ పళ్ల మధ్య సూది పట్టుకుని నవ్వింది. "ఆయాసం కాక సంబరమా పరిమళమ్మా, ఈ మిషనుతో, ఈ పిల్లగాళ్లతో, ఆ మహానుభావుడితో. పెళ్లయిన కాడ్నుంచీ ఆయాసమే నాకు." పరిమళ కూడా నవ్వింది. మజ్జిగలోంచి దారపుండ తీస్తూ ఇద్దరూ నవ్వారు. పెళ్లయి ఎన్నేళ్లక్కా అని అడిగింది, ఇరవై రెండు అంది మీరాబీ. నవ్వుతూనే రాసింది పరిమళ. చెప్పింది చెప్పినట్టే రాయమన్నారు కదా ట్రైనింగులో, మీ సొంత పైత్యం కలపొద్దు, జవాబు సరిదిద్దొద్దు, ఎదటి మనిషి నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాయండి అని మూడు రోజులు నూరిపోశారు కదా. వచ్చింది వచ్చినట్టే రాసింది. తప్పెక్కడుంది? ఈ వాదన పరిమళ తొమ్మిది రోజులుగా వంటింట్లో, బాత్రూములో, బస్టాండులో వినిపించుకుంటూనే ఉంది, ప్రతిసారీ ఇక్కడి దాకా బ్రహ్మాండంగా నడుస్తుంది, ఆ తర్వాత మెట్ల దగ్గర ఆగిపోతుంది. మెట్లెక్కినప్పుడు: ఉంది. వాళ్లింటికి మెట్లే లేవు. గడప దిగితే వీధి. ఆ ప్రశ్న తను అడగను కూడా లేదు.

ఎందుకు రాశావే అంటే ఏం చెబుతుంది. ఆయాసం ఉంది అని ఉంటేనే ఉచితంగా ఈసీజీ తీస్తారు, లేనివాళ్లకి తియ్యరు, పాపం మీరాబక్క ఎప్పుడు పోయి తీయించుకుంటుంది, ఒకసారి చూపిస్తే మంచిదే కదా అనుకుంది. అది నిజం. దాని వెనకాల ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని బయటికి లాగడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ వారం సూపర్‌వైజరు ఫోను చేసి, మైలవరంలో బాగా వస్తున్నారు, రెడ్డిగూడెంలో వస్తున్నారు, మీ ఏరియాలోనే ఆయాసం వాళ్లు రావట్లేదేంటి పరిమళగారూ, మీరు సరిగ్గా అడుగుతున్నారా అన్నాడు. సరిగ్గా అడుగుతున్నారా. ఆ మాటకి ఆమెకి రోషం వచ్చింది. లక్షణాలున్న వాళ్లు ఇంతమంది, లేనివాళ్లు ఇంతమంది కావాలట పరిశోధనకి, లేనివాళ్లు వీధి పొడుగునా ఉన్నారు, ఉన్నవాళ్లే దొరకట్లేదు. అప్పట్నుంచీ జనం ఊరికే అనే మాటలు ఆమె చెవికి వేరేగా వినపడటం మొదలైంది. ఒకావిడ ప్రాణం విసిగిపోతోందమ్మా అంటే ఆయాసం, ఇంకొకావిడ మా అత్తగారొస్తే నాకు ఊపిరాడదంటే ఆయాసం, ఎండలో నీళ్లు మోసుకొచ్చి ఉండు తల్లీ, కాస్త ఊపిరి తీసుకోనీ అంటే ఆయాసం. మన ఆడవాళ్లు ఊపిరాడట్లేదు అనకుండా ఒక్క రోజు గడుస్తుందా, అది మాట తీరు, జబ్బా అది. పరిమళకి తెలుసు, తనూ ఆ వీధుల్లోనే పుట్టి పెరిగింది, తెలిసే రాసింది. నెలాఖరుకి కోటా నిండింది. మీటింగులో ఆమె పేరు చదివి చప్పట్లు కొట్టించారు. ఆ తర్వాత ఏడాది కోఆర్డినేటరు చేశారు, ఇప్పుడు ఆమె కింద పధ్నాలుగు మంది తిరుగుతున్నారు, వాళ్లకి ట్రైనింగిచ్చేది ఆమే. చెప్పింది చెప్పినట్టు రాయండి అని మొదటి రోజే చెబుతుంది.

"ఏసీ వెయ్యమంటారా మేడం?" అన్నాడు నాసర్ అద్దంలోంచి.

"వద్దన్నా," అంది పరిమళ. నాసర్ ఈ నాలుగు రోజుల్లోనే చిక్కిపోయాడు. మీరాబీ నుదుటి మీద చెమట పట్టి ఉంది, అద్దం దించే ఉంది, గాలి కొడుతూనే ఉంది, అయినా చెమట. "ఆయాసంగా ఉందా అక్కా?"

మీరాబీ తల తిప్పి చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే పరిమళకి తట్టుకోలేనిదైంది. "ఏం లేదు," అంది. కారు కుదుపుకి ఊగుతూ, "రాసుకోకు," అంది.

రాసుకోకు. నవాబుపేట వచ్చింది పోయింది, పెనుగంచిప్రోలు వెళ్లే తిరుపతమ్మ భక్తుల ట్రాక్టరు ఒకటి అడ్డం తిరిగితే నాసర్ హారను కొట్టాడు, పరిమళకి ఆ ఒక్క మాటే కారు చక్రంతో పాటు తిరుగుతోంది. ఎగతాళికి అన్నదేమో అని ఆశపడింది. కాదు. నోరే నా కొంప ముంచింది పరిమళమ్మా, ఆ రోజు ఏం వాగానో ఏమో అని మొన్న ఇంటికెళ్లినప్పుడు చెప్పి ఏడిచింది. తన నోటిదే తప్పనుకుంటోంది. కంపెనీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ మాట పొదుపు మొదలెట్టింది, పక్కింటి వాళ్లతో పరాచికాల్లేవు, నాసర్‌ని మహానుభావుడనట్లేదు. దాన్ని సరే అనుకోవచ్చు. కానీ విజయవాడలో డ్యూటీ డాక్టరు నొప్పి ఎప్పట్నుంచి వస్తోందమ్మా అని అడిగితే, నాసర్ మొహం చూసి నోరు మూసుకుందట. ఏది చెబితే ఏమవుతుందో అని. రాత్రి వచ్చిందా, పొద్దున్నా, నడిస్తే వస్తుందా, కూర్చున్నా వస్తుందా, దేనికీ జవాబు లేదు. అలా మూసుకుంటే ఏదో ఒక రోజు ప్రాణమ్మీదికి వస్తుంది, అప్పుడు కూడా చెప్పదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది ఇలాగే.

మరి ఈ కవర్లో ఉన్నదేమిటి. గీతాంజలి మేడం చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఎవరన్నా పరిమళ ఊరుకోదు. జీతం ఎక్కువొచ్చే ఆస్పత్రులు వదులుకుని పన్నెండేళ్లుగా ఈ మెరక ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది, ఇక్కడి ఆడవాళ్ల గుండె గురించి ఎవరూ రాయట్లేదని బాధపడి రాసిన మనిషి. సర్వే ఫలితాలు బయటికొచ్చినప్పుడు తెర మీద బొమ్మ చూపించింది, ఈ ప్రాంతం ఆడవాళ్లలో ఆయాసం అనుకున్న దానికంటే ఎక్కువ, ఒక గీత నిలువునా పైకి లేచింది. ఆ గీతలో పరిమళ రాసినవి అరవై ఒకటున్నాయి. ఈ నరేంద్ర కిందటి వారం కార్డు గురించి వాకబు చెయ్యడానికి సర్వే ఆఫీసుకొచ్చినప్పుడు టీ తాగుతూ, మర్యాదగానే, గొప్పగా చెప్పినట్టే చెప్పాడు. "మీ రిపోర్టు మావాళ్లూ చదివారండి. ఈ పిన్‌కోడ్‌లంటే ఇప్పుడు ఒక కన్నేసి ఉంచుతున్నారు. కొత్త పాలసీలకి రేటు కూడా పెంచారు." అంటే మీరాబీ ఒక్కతే కాదు. జగ్గయ్యపేటలో రేపు పాలసీ తీసుకునే ప్రతి ఇంటావిడా పరిమళ చేతిరాతకి కూడా కలిపి కట్టుకుంటుంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచింది. మేడం దగ్గరికెళ్లి ఉత్తరం కావాలంది, ఆ కార్డు రోగ నిర్ధారణ కాదని రాసివ్వండి అంది. మేడం నువ్వే టైపు చేసి తీసుకురా, సంతకం పెడతానంది. చేసింది. పాల్గొన్న వ్యక్తి స్వయంగా తెలిపిన లక్షణం మాత్రమే, వైద్యపరంగా నిర్ధారించినది కాదు. చదివి మేడం బావుందంది. ప్రింటు తీశాక గానీ పరిమళకి ఆ మాట కనపడలేదు. స్వయంగా. తనని తాను కాపాడుకునే మాట తన వేళ్లు ఎంత అలవోకగా కొట్టాయో చూసుకుని నిర్ఘాంతపోయింది. స్వయంగా చెప్పింది, ఇరవై రెండేళ్లుగా ఉందని స్వయంగా తెలుసు, తెలిసీ పాలసీ ఫారంలో లేదని పెట్టింది. ఈ ఉత్తరం నరేంద్ర చేతికిస్తే ఇంకేం అక్కర్లేదు, అతను థాంక్స్ చెప్పి ఫైలు మూసేస్తాడు.

ఇవ్వకపోతే? తన నోటితో చెబితే? అప్పుడు అరవై ఒకటీ లేస్తాయి. సర్వే మొత్తం మీద మట్టి పడుతుంది, మేడం పన్నెండేళ్లు, కిందున్న పధ్నాలుగు మంది. ఇంట్లో నీహారిక నర్సింగు రెండో ఏడు. అమ్మా నువ్వు రీసెర్చిలో పని చేస్తావంటే మా క్లాసులో అందరూ అదోలా చూస్తారు తెలుసా అంటుంది ఆ పిల్ల, గొప్పగా. రేపు ఏమంటుంది. అబ్బో, ఇప్పుడు నీతి గుర్తొచ్చిందా పరిమళగారూ, నాలుగేళ్లు ఎక్కడ మేసొచ్చింది ఈ నీతి అని తనని తనే దెప్పుకుంది. ఆ భవానీప్రసాద్ ఏమన్నా తక్కువ తిన్నాడా, పాలసీ ఫారం నింపేటప్పుడు ఒక్క ప్రశ్నా అడక్కుండా అన్నీ 'నో' కొట్టేస్తాలే నాసరూ, సంతకం పెట్టు అన్నాడట. అతను అడక్కుండా నో అని కొట్టాడు, తను అడక్కుండా ఎస్ అని కొట్టింది. చిత్రమేంటంటే అతను కొట్టిందే నిజం. మీరాబీకి అప్పుడు ఏ జబ్బూ లేదు. ఆ వారమే క్యాంపులో తీసిన ఈసీజీ నార్మల్ అని వచ్చింది, ఆ కాగితం వీళ్లకివ్వలేదు, ఆఫీసు బీరువాలో నంబరు కింద పడి ఉంది. అది ఉందని తెలిసిన మనిషి ఈ కారులో ఒక్కతే. ఆ నంబరు ఎవరిదో చెప్పాలంటే తను రాసింది అబద్ధమని కూడా చెప్పాలి. రెండూ ఒకే ఫైలులో పక్కపక్కనే ఉన్నాయి.

అంబారుపేట. అనాసాగరం. ఊరి బోర్డు దాటుతుండగా మీరాబీ ఒళ్లో సంచీని కొంచెం పైకి, గుండెల దాకా జరుపుకుంది, ఏదో చలేసినట్టు. పరిమళ చూసింది, ఎందుకో కారులో గడియారం వైపు కూడా చూసింది, పదీ నలభై ఒకటి. అడగబోయింది. మళ్లీ రాసుకోకు అంటుందని అడగలేదు. నాసర్ ఇంకొచ్చేశాం, ఇంకొచ్చేశాం అంటున్నాడు, ఎవరితో అంటున్నాడో. నందిగామ సెంటర్లో ఆటోలు, చెరుకురసం బండ్లు, పూల దుకాణాలు, కారు పెట్టుకునే చోటు కోసం రెండు చుట్లు తిరిగారు. భవానీప్రసాద్ ఆఫీసు ఎరువుల షాపు పైన. కింద నుంచి పైకి ఇనుప రెయిలింగు ఉన్న నిట్టనిలువు మెట్లు. మీరాబీ డోరు తీసి ఆ మెట్ల వైపు తలెత్తి చూసింది, చూసి, చెప్పులు సరిచేసుకుంది.

"నువ్వు దిగొద్దు," అంది పరిమళ. "ఆయన్నే కిందికి తీసుకొస్తా."

పదిహేడు మెట్లు. ఎక్కేటప్పుడు లెక్కపెట్టింది, ఎందుకు లెక్కపెట్టిందో తెలీదు, పైకి చేరేసరికి ఆమెకే రొప్పు వచ్చింది. నరేంద్ర ఫ్యాను కింద కూర్చుని ఫైలు తిరగేస్తున్నాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు, చొక్కా జేబులో రెండు పెన్నులు. రండి మేడం, లెటర్ తెచ్చారా అన్నాడు.

"కిందికి రండి బాబూ. ఆవిడ కారులో ఉంది, మెట్లెక్కలేదు."

"మెట్లెక్కితే ఆయాసమా?" అన్నాడు, ఫైలులో కార్డు జెరాక్సు చూస్తూ, ఉద్యోగం అలవాటు కొద్దీ.

"ఇప్పుడు అవును," అంది పరిమళ. "అప్పుడు కాదు."

అతను ఆమె మొహంలోకి ఒకసారి చూసి ఫైలు పట్టుకుని లేచాడు. కారులో ముందు సీట్లో, నాసర్ పక్కన కూర్చున్నాడు. నాసర్ నమస్కారం పెట్టి, మేడం లెటర్ తెచ్చారు సార్, అంతా అందులో ఉంది అన్నాడు ఆశగా. నరేంద్ర వెనక్కి చెయ్యి చాపాడు. పరిమళ బ్యాగు జిప్పు తీసింది, కవరు వేళ్లకి తగిలింది, నున్నగా, మంచి కవరు, మేడం టేబుల్ మీంచి తెచ్చింది. నీహారిక గుర్తొచ్చింది. గోడ మీద గీసిన పిల్లాడు గుర్తొచ్చాడు, వాడిప్పుడు ఇంటర్. కవరు బయటికి తీసి తన ఒళ్లోనే పెట్టుకుంది.

"ఇది ఇవ్వట్లేదండి. నేను చెప్పేది రాసుకోండి. ఆ కార్డు మీద రాత నాది. ఆవిడ పనెక్కువై పెళ్లయిన కాడ్నుంచీ ఆయాసమే అని నవ్వులాటకంది. నాకు నవ్వులాటే అని తెలుసు. తెలిసే ఇరవై రెండు అని వేశా. మెట్ల ప్రశ్న అడగనే లేదు. వాళ్లింటికి మెట్లు లేవు, కావాలంటే వెళ్లి చూడండి. ఆ వారమే క్యాంపులో తీసిన ఈసీజీ నార్మల్. మా ఆఫీసులో ఉంది, నంబరు చెప్తా, కాగితం పెట్టి అడగండి, ఇస్తారు."

చెరుకురసం బండి గంట మోగుతూనే ఉంది. నాసర్ అద్దంలోంచి చూస్తున్నాడు, ఆ చూపుని పరిమళ ఎదుర్కోలేకపోయింది. నరేంద్ర పెన్ను తీశాడు గానీ వెంటనే రాయలేదు.

"ఇది రాస్తే మీ ఉద్యోగం..."

"తెలుసు."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా మేడం?"

"అరవై ఒకటి. పేర్లు గుర్తున్నాయి."

అతను తలొంచుకుని రాయడం మొదలుపెట్టాడు. నా చేతిలో ఏం లేదండి, పైవాళ్లకి పంపుతా, ఈసీజీ ఉంటే మాత్రం వాళ్లు కాదనడం కష్టం అన్నాడు, రాస్తూనే. పరిమళ అప్పుడు మీరాబీ వైపు తిరిగింది. తిట్టినా బావుండుననుకుంది. మీరాబీ చేతిలో లామినేషన్ కార్డు ఉంది, సంచీలోంచి ఎప్పుడు తీసిందో, దాని మీద రాతని వేలితో తడుముతోంది.

"అయితే నా నోరు కాదా," అంది.

"కాదక్కా. నా చెయ్యి."

"నాలుగేళ్లు బీరువాలో పెట్టుకున్నా దీన్ని. నగల పక్కన." కార్డు తిప్పి పరిమళ ఒళ్లో, కవరు మీద పెట్టింది. క్షమించానని అనలేదు. అనే మనిషి కూడా కాదు. కిటికీ వైపు తిరిగి ఒక ఊపిరి తీసుకోబోయి సగంలో ఆగింది, సంచీని గుండెలకి నొక్కుకుంది, మళ్లీ తిరిగి పరిమళ మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"ఛాతీ పట్టేస్తంది పరిమళా. ఎడం చెయ్యి గుంజుతంది. అనాసాగరం కాడ్నుంచీ."

నాసర్ అప్పటికే కారు స్టార్టు చేశాడు. నరేంద్ర దిగబోయి, దిగకుండానే డోరు లాక్కుని, ముందు ఇక్కడి గవర్నమెంటాసుపత్రికి పోనీ అన్నాడు. పరిమళ సంచీ బోర్లించింది, కరెంటు బిల్లులూ టీకా చీటీలూ సీటు నిండా పడ్డాయి, వాటి మధ్యలోంచి నాలిక కింద పెట్టే బిళ్లల స్ట్రిప్పు ఏరి ఒకటి తీసి మీరాబీ నోట్లో పెట్టింది. చెంప మీద చెయ్యి వేసి మింగకక్కా, నాలిక కింద ఉంచు అంది. మీరాబీ కళ్లు మూసుకునే తలూపింది.

"రాసుకో," అంది, నాలిక కింద బిళ్లతో మాట ముద్దగా వచ్చింది. "వాళ్లు అడుగుతారు. రాసుకో."

పరిమళ కవరు చింపి మేడం ఉత్తరం బయటికి తీసి వెనక్కి తిప్పింది. తెల్లగా ఉంది వెనక. నరేంద్ర తన రెండో పెన్ను వెనక్కి అందించాడు. కారు గడియారం పదకొండూ మూడు చూపిస్తోంది. కుదుపుల్లో అక్షరాలు వంకర పోతున్నా, డ్యూటీ డాక్టరుకి అర్థమయ్యేట్టు, పెద్దగా రాసింది. ఛాతీ నొప్పి: ఉంది. ఎన్నాళ్లుగా అని చెయ్యి అలవాటుగా రాసింది, కొట్టేసి, ఎంతసేపుగా అని దిద్దింది. దాని పక్కన: 22 నిమిషాలు.